చలి పొద్దుల్లో మొండికేస్తున్న పాత మారుతి 800: బ్యాటరీ కొత్తదే, అయినా సెల్ఫ్ సరిగ్గా తిరగడం లేదు

గంట్యాడ 800 | విజయనగరం జిల్లా | డిసెంబర్ 27, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మాది గంట్యాడ దగ్గర పల్లె, తాటిపూడి రిజర్వాయర్ వైపు. ఇంట్లో 1997 మోడల్ మారుతి 800 ఉంది, కార్బరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగం) ఉన్న బండి. నాన్నగారు కొన్నది. ఇప్పటికీ ఇంటిల్లిపాదికీ అదే దిక్కు. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక పొద్దున్నే ఫిజియోథెరపీకి విజయనగరం తీసుకెళ్లాల్సి వస్తోంది. సరిగ్గా ఆ వేళకే బండి మొరాయిస్తోంది.

ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి ఇదే వరస. తెల్లారేసరికి బండి నిండా మంచు పట్టి ఉంటుంది, ఫోన్లో 15, 16 డిగ్రీలు చూపిస్తోంది. సెల్ఫ్ కొడితే బద్ధకంగా తిరిగి ఆగిపోతుంది. పక్కింటి కుర్రాళ్లు తోస్తే స్టార్ట్ అవుతుంది. ఒకసారి వేడెక్కాక ఇక రోజంతా ఏ పేచీ లేదు. దీపావళికి బ్యాటరీ కొత్తది వేయించాం, ప్లగ్గులూ మార్చాం. షెడ్డుకి తీసుకెళ్లేసరికి మధ్యాహ్నం అవుతుంది, మెకానిక్ ముందు బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. ఆయన కార్బరేటర్ మార్చేద్దాం అంటున్నాడు. డబ్బు పెట్టే ముందు మీ సలహా కావాలి.

బొబ్బిలి వీణ | డిసెంబర్ 27, ఉదయం 8:55

అన్నా, ఇదంతా ఈ20 పెట్రోలు, అదే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మహిమ. మా బాబాయి పాత జెన్ కూడా పోయిన చలికాలం నుంచి ఇలాగే చేస్తోంది. కార్బరేటర్ విప్పి కడిగించండి చాలు, మార్చక్కర్లేదు.

నాగావళి గట్టు | శ్రీకాకుళం | డిసెంబర్ 27, ఉదయం 9:30

తమ్ముడూ, కార్బరేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకు. బస్సు డిపోలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైర్ అయినవాణ్ని, చలికాలం వస్తే మాకు తెల్లవారుజామున ఇదే పని. ముందు ఒక్క సంగతి తేల్చుకో. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోందా, లేక చురుగ్గా తిరుగుతూ కూడా అంటుకోవడం లేదా? ఇవి రెండూ వేర్వేరు జబ్బులు. నెమ్మదిగా తిరిగితే కరెంటు దారి చూడాలి. అంటే బ్యాటరీ, టెర్మినళ్లు, లావు వైర్లు, ఎర్త్ (బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే దారి), సెల్ఫ్ మోటార్. చురుగ్గా తిరిగీ అంటుకోకపోతే అప్పుడు పెట్రోలు, చోక్ (చల్లటి ఇంజిన్‌కి గాలి తగ్గించే రేకు), ప్లగ్గులో నిప్పురవ్వ. నువ్వు రాసినదాన్ని బట్టి మొదటి రకంలా ఉంది. మరి దానికి కార్బరేటర్ ఏం చేస్తుంది?

రేపు పొద్దున్న బండి చల్లగా ఉండగానే ఒక పని చెయ్యి. హెడ్‌లైట్లు వేసి వెలుతురు గోడ మీద పడేలా పెట్టు. ఎవరినైనా కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టమని, నువ్వు గోడ చూడు. లైట్లు దాదాపు ఆరిపోతే బ్యాటరీలో దమ్ము లేదు, లేదా టెర్మినల్ పట్టు సరిగ్గా లేదు. లైట్లు పెద్దగా తగ్గకుండా ఇంజిన్ మాత్రం ఈడ్చుకుంటూ తిరిగితే, బ్యాటరీలో కరెంటు ఉంది, అది మోటార్ దాకా చేరడం లేదు. లేదా మోటారే అరిగింది. చప్పుడు కూడా విను. 'టక్' మని ఒక్కసారి కొట్టి ఊరుకుంటోందా, 'టకటక' మని వరసగా కొట్టుకుంటోందా, తిరుగుతోందా, రాసి పెట్టు.

ఎస్.కోట ఘాట్ | డిసెంబర్ 27, ఉదయం 10:20

మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను అనంతగిరి మీదుగా అరకు తరచూ వెళ్తుంటాను. పైన నిజంగా చలి ఉంటుంది. మన మైదానంలో 15 డిగ్రీల చలికి బాగున్న బ్యాటరీ, బాగున్న వైర్లు ఉన్న బండి ఎంత పాతదైనా స్టార్ట్ అవ్వాల్సిందే. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ తన బలంలో మూడో వంతు దాకా కోల్పోవచ్చు గానీ మన దగ్గర తగ్గేది తక్కువే. ఇక్కడ మొరాయిస్తోందంటే ఎండాకాలం నుంచే ఏదో ఒకటి సగం చచ్చి ఉంది, చలి దాన్ని బయటపెట్టింది, అంతే.

ఇంజిన్ ఆయిల్ ఏం పోశారు? రాత్రంతా చల్లబడితే 20డబ్ల్యూ40 గ్రేడు ఆయిల్ కంటే 20డబ్ల్యూ50 ఇంకా చిక్కగా ఉంటుంది. పాత బండి కదా అని చిక్కటి ఆయిల్ పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. సెల్ఫ్ మోటార్‌కి ఆ బరువు కూడా తోడవుతుంది.

సోంపేట డీజిల్ | శ్రీకాకుళం జిల్లా | డిసెంబర్ 27, మధ్యాహ్నం 1:15

వేరే చర్చ పెట్టకుండా ఇక్కడే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నాది పాత ఇండికా డీజిల్, టర్బో లేని 1.4 ఇంజిన్. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకందరికీ తెలిసిందే. మా వీధిలో ఇద్దరిని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లేది ఈ బండిలోనే, చీకటితోనే బయల్దేరాలి. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. కానీ వెంటనే అంటుకోదు, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ గుప్పుగుప్పున వస్తుంది. అంటుకున్నాక కూడా కాసేపు బండంతా ఊగిపోతుంది, తర్వాత సర్దుకుంటుంది. ఆ ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తుంటే నాకు టెన్షన్ వచ్చేస్తోంది. మెకానిక్ ఫ్యూయల్ పంపు ఓవరాలింగ్ అంటున్నాడు.

రాజాం పంపు రూమ్ | డిసెంబర్ 27, మధ్యాహ్నం 2:40

సోంపేట అన్నా, పంపు విప్పనివ్వకండి. నేను చేసేది పంపు, నాజిల్ పనే, అయినా చెప్తున్నాను. తెల్లపొగ అంటే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తోంది, మండకుండా ఆవిరిలా బయటికి వస్తోంది. పంపు తన పని చేస్తోందన్నమాట. లోపల వేడి చాలడం లేదు. మీ ఇంజిన్‌లో డీజిల్ ముందు ఒక చిన్న గదిలోకి చిమ్ముతుంది, ఆ గది గోడలు చల్లగా ఉంటే గాలి నొక్కుడుకి పుట్టిన వేడిని అవే లాగేసుకుంటాయి. అందుకే దానికి నాలుగు హీటర్ ప్లగ్గులు పెట్టారు. 'మన ఊళ్లో చలేముంది, హీటర్ ప్లగ్ ఎందుకు' అని వైరు పీకేసిన బండ్లు నా దగ్గరికి వస్తుంటాయి. ఇంజిన్ కొత్తగా ఉన్నన్నాళ్లు నడిచిపోతుంది. పిస్టన్ రింగులు కాస్త అరిగాక ఇదిగో ఇలా అవుతుంది.

ఎలా చూడాలంటే: నాలుగు ప్లగ్గుల నెత్తి మీద కలుపుతూ ఒక పట్టీ ఉంటుంది. దాన్ని విప్పేయండి. పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి బ్యాటరీ ప్లస్‌కి, రెండోది ఒక్కో ప్లగ్గు కొసకి ఆనించండి. బల్బు వెలిగితే ఆ ప్లగ్గులో తీగ తెగలేదు. వెలగకపోతే చచ్చిపోయింది. మల్టీమీటర్‌తో అయితే మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూఇటుగా చూపిస్తుంది, కానీ చవక మీటర్లు అంత చిన్న విలువ సరిగ్గా చూపవు, బల్బే నయం. నాలుగూ బాగుంటే పట్టీ మళ్లీ బిగించి, తాళం తిప్పి హీటర్ దీపం వెలుగుతుండగా పట్టీ మీద ఓల్టేజీ చూడండి. 11 ఓల్టులు పైన రావాలి. ఏమీ రాకపోతే రిలే గానీ ఫ్యూజు గానీ పోయింది.

ఒక ప్లగ్గు పోతే బండి కాసేపు ఊగి సర్దుకుంటుంది. రెండు మూడు పోతే అసలు అంటుకోవడమే కష్టం.

పాత పోస్టాఫీస్ వీధి | నరసన్నపేట | డిసెంబర్ 27, సాయంత్రం 6:05

మా దగ్గర వ్యాన్ డ్రైవర్లు ఎయిర్ క్లీనర్‌లో స్టార్టింగ్ స్ప్రే కొడతారు, లేదా పెట్రోల్లో ముంచిన గుడ్డ పెడతారు. ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతుంది. అది చేయొచ్చా?

రాజాం పంపు రూమ్ | డిసెంబర్ 27, సాయంత్రం 6:30

వద్దు, దయచేసి వద్దు. హీటర్ ప్లగ్ ఎర్రగా కాలి ఉన్న ఇంజిన్‌లోకి ఆ స్ప్రే వెళ్తే పిస్టన్ పైకి రాకముందే మండిపోతుంది. పిస్టన్ పగలొచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. పెట్రోలు గుడ్డయితే మంట ఎయిర్ క్లీనర్‌లోంచి మొహం మీదికే వస్తుంది. ఆయిల్ చాంబర్ కింద చితుకుల మంట పెట్టడం కూడా అంతే ప్రమాదం. డయాలసిస్ పేషెంట్లు ఎక్కే బండికి అలాంటి పనులు అసలు ఆలోచించకండి.

నాగావళి గట్టు | డిసెంబర్ 27, రాత్రి 8:15

సోంపేట బాబుకి ఇంకో మాట. హీటర్ ప్లగ్గులన్నీ బాగున్నాయని తేలితే గాలి సంగతి చూడు. పొగ అసలే రాకుండా సెల్ఫ్ తిరుగుతుంటే డీజిల్ చేరడం లేదని లెక్క. రాత్రంతా డీజిల్ పైపులోంచి వెనక్కి ట్యాంకులోకి జారిపోయి, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. ఎక్కడో రబ్బరు పైపు చివర, ఫిల్టర్ వాషర్ దగ్గర వెంట్రుకంత సందు చాలు. అక్కడ డీజిల్ బయటికి కారదు కాబట్టి కంటికి కనిపించదు. రాత్రి బండిని మూతి పల్లానికి పెట్టి చూడు, పొద్దున్న సులువుగా స్టార్ట్ అయితే అనుమానం బలపడినట్టే. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య జానెడు తెల్లటి పారదర్శక పైపు పెట్టి చూస్తే బుడగలు కళ్లారా కనిపిస్తాయి.

గంట్యాడ 800 | డిసెంబర్ 28, ఉదయం 7:20

మాస్టారూ, చెప్పినట్టే చేశాను. గోడ మీద వెలుతురు కొంచెమే తగ్గింది. ఇంజిన్ మాత్రం 'గుర్ర్... గుర్ర్...' అని ఈడుస్తూ తిరిగింది. టక్ మనే చప్పుడు లేదు. ఆయిల్ 20డబ్ల్యూ40. టెర్మినళ్లు శుభ్రంగానే ఉన్నాయి, బ్యాటరీతోపాటే తుడిచి వ్యాజిలిన్ రాశారు. మెకానిక్ ఎర్త్ వైరు కూడా మీటర్ బీప్ పెట్టి చూశాడు, బాగానే ఉందన్నాడు.

నాగావళి గట్టు | డిసెంబర్ 28, ఉదయం 8:00

అసలు సంగతి ఆ బీప్ దగ్గరే ఉంది, కాస్త ఓపిగ్గా చదువు.

మీటర్ బీప్ పెట్టినప్పుడు వైరులోంచి పోయే కరెంటు లెక్కలోకి రానంత చిన్నది. వైరులో ఇరవై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా బీప్ కొడుతుంది. సెల్ఫ్ మోటార్‌కి నీ చిన్న ఇంజిన్ తిప్పడానికి కూడా వంద ఆంపియర్లు, అంతకు మించి కావాలి. చల్లటి ఇంజిన్‌కి ఇంకా ఎక్కువ. దారిలో 0.02 ఓమ్ అడ్డు ఉందనుకో, ఏ మామూలు మీటరూ దాన్ని చూపించలేదు. అయినా వంద ఆంపియర్ల దగ్గర ఆ అడ్డు రెండు ఓల్టులు మింగేస్తుంది. పన్నెండులో రెండు పోతే మోటార్‌కి ఏం మిగులుతుంది? అందుకే వైరుని పని చేస్తుండగా కొలవాలి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు.

మీటర్‌ని 20 ఓల్టుల డీసీ మీద పెట్టు. డిస్ట్రిబ్యూటర్‌కి (ప్లగ్గులకి రవ్వ పంచే డబ్బా) కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరు తీసి గట్టిగా ఇంజిన్ లోహానికి ఆనించి కట్టు, బండి అంటుకోకుండా. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి, ఫ్యాన్ బెల్టు దగ్గర చెయ్యి, తువ్వాలు లేకుండా చూసుకో. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇవి రాసుకో.

బ్యాటరీ రెండు పోస్టుల మధ్య: బండి కదలకుండా ఉన్నప్పుడు 12.6 అయితే నిండు చార్జి, 12.2 అయితే సగమే. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు.

బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటార్ మీది లావు బోల్టుకి: సెల్ఫ్ తిరుగుతుండగా అర ఓల్టు లోపు.

బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి ఇంజిన్ బ్లాకు మీద గీకిన ఖాళీ లోహానికి: 0.2 చుట్టూ ఉంటే సంతోషం, అర దాటితే ఎర్త్ దారిలో తేడా ఉన్నట్టే.

మీటర్ మొన పోస్టు మీదే ఆనించు, క్లాంపు మీద కాదు. పోస్టుకీ క్లాంపుకీ మధ్య ఉన్న దోషం కూడా లెక్కలోకి రావాలి.

ఇదంతా తెల్లవారుజామునే చెయ్యి. బండి వేడెక్కాక కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. షెడ్డులో మధ్యాహ్నం ఏమీ దొరకకపోవడానికి కారణం అదే. మెకానిక్‌కి ఇవ్వాలనుకుంటే ముందురోజు సాయంత్రమే బండి అక్కడ వదిలేసి, పొద్దున్న నువ్వు వచ్చేదాకా తాళం తిప్పొద్దని చెప్పు.

బొబ్బిలి వీణ | డిసెంబర్ 28, ఉదయం 11:10

అయితే ఈ20కి సంబంధమే లేదంటారా గురువు గారూ? మా బాబాయి జెన్‌కి సెల్ఫ్ బాగానే తిరుగుతుంది మరి.

చీపురుపల్లి స్పానర్ | డిసెంబర్ 28, మధ్యాహ్నం 12:00

సంబంధం ఉంది, కానీ దాని వాటా ఎంతో అంతే చెప్పుకోవాలి. ఆవిరి కావడానికి ఇథనాల్‌కి పెట్రోలు కంటే రెండు రెట్లకు మించి వేడి కావాలి. పెట్రోల్లో చల్లగా ఉన్నా ఆవిరయ్యే తేలిక భాగాలు ఉంటాయి, ఇథనాల్ మాత్రం 78 డిగ్రీల దగ్గర గానీ మరగదు. పైగా దానిలో ఆక్సిజన్ ఉండటం వల్ల అదే జెట్టుకి మిశ్రమం కాస్త పలచబడుతుంది. ఎంపీఎఫ్‌ఐ బండిలో, అంటే ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే బండిలో, కంప్యూటర్ కొంత సర్దుతుంది, కార్బరేటర్‌కి ఆ తెలివి లేదు. కాబట్టి చోక్ సరిగ్గా పనిచేయకపోతే ఇదివరకు చెల్లిపోయేది, ఇప్పుడు చెల్లదు.

ఇంకొకటి రబ్బరు. పాత పైపులు, పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) ఈ పెట్రోలుకి ఉబ్బి పగుళ్లిస్తాయి. రెండు మూడు రోజులు నిలిపిన బండి ఫ్లోట్ చాంబర్‌లో (కార్బరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) పెట్రోలు ఆవిరైపోతుంది. మెకానికల్ పంపు దాన్ని మళ్లీ నింపాలంటే సెల్ఫ్ కాసేపు తిరగాల్సిందే. డయాఫ్రమ్ బలహీనపడితే ఆ కాసేపు మరీ ఎక్కువవుతుంది. బాబాయి గారి బండిలో పైపులు ముట్టుకుని చూడండి, పెట్రోలు వాసన వస్తోందా, వేళ్లకు నలుపు అంటుతోందా. అలా ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు పైపులు మార్చండి, అది స్టార్టింగ్ కంటే పెద్ద విషయం.

అరసవల్లి రథం | శ్రీకాకుళం | డిసెంబర్ 28, సాయంత్రం 5:45

సెల్ఫ్ బాగా తిరిగీ అంటుకోని పెట్రోలు బండ్లకి తేమ కూడా ఒక కారణం. మంచు కురిసిన పొద్దున్న డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపల చూడండి, సన్నటి చెమట పట్టి ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచి పెడితే స్టార్ట్ అయిందంటే తప్పు క్యాప్ దగ్గరే ఉన్నట్టు. లోపల ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి పెన్సిల్ గీతలా సన్నటి నల్లచార కనిపిస్తే ఇక తుడిచి లాభం లేదు, రవ్వ ఆ చార వెంట పారిపోతుంది. మార్చాల్సిందే. చీకట్లో బోనెట్ తెరిచి సెల్ఫ్ కొట్టించి హై టెన్షన్ వైర్ల వంక చూడండి. నీలం రంగు మెరుపులు పాకుతుంటే వైర్లు కూడా పోయాయి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

గంట్యాడ 800 | డిసెంబర్ 29, ఉదయం 7:50

కొలతలు ఇవిగో. కదలకుండా 12.5. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ మీద 11.2. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ బోల్టుకి 0.3. మైనస్ పోస్టు నుంచి ఇంజిన్ బ్లాకుకి 1.9!

నాగావళి గట్టు | డిసెంబర్ 29, ఉదయం 8:05

దొరికింది. బ్యాటరీ 11.2 ఇస్తుంటే మోటార్‌కి 9 మాత్రమే చేరుతోంది. మైనస్ వైరు ఇంజిన్ వైపు చివర విప్పు. లగ్గు (వైరు కొసన బోల్టుకి బిగించే లోహపు చెవి) పక్కన రబ్బరు తొడుగు అంగుళం మేర కోసి చూడు.

గంట్యాడ 800 | డిసెంబర్ 29, సాయంత్రం 7:30

మాస్టారూ, తొడుగు పైకి నున్నగా ఉంది. కోసి చూస్తే లోపల రాగి పోగులన్నీ ఆకుపచ్చ చిలుము పట్టి, వేళ్లతో నలిపితే పొడిలా రాలాయి. గట్టిగా మిగిలినవి పిడికెడు కూడా కాదు, నాలుగైదు పోగులు. విజయనగరంలో లావుపాటి కొత్త వైరు కొని, లగ్గులు ప్రెస్ చేయించాను. ఇంజిన్ మీద బోల్టు కూర్చునే చోట పెయింటు, మడ్డి పోయేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దాను. ఇప్పుడు సెల్ఫ్ చప్పుడే మారిపోయింది. అసలు పరీక్ష రేపు పొద్దున్న.

గంట్యాడ 800 | డిసెంబర్ 30, ఉదయం 6:40

సెల్ఫ్ గిర్రున తిరిగింది. మైనస్ వైపు 0.15 వచ్చింది. తొయ్యాల్సిన పని లేకుండా అమ్మ కారెక్కింది. అయితే అంటుకోవడానికి ఇంకా కొంచెం ఎక్కువసేపే పడుతోంది, చోక్ లాగినా.

చీపురుపల్లి స్పానర్ | డిసెంబర్ 30, ఉదయం 9:15

ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంకొకరిని చోక్ పూర్తిగా లాగమని పైనుంచి చూడండి. ఆ రేకు గొంతుని పూర్తిగా మూసెయ్యాలి. పాత కేబుల్ సాగిపోయి, నాబ్ పూర్తిగా బయటికొచ్చినా రేకు ముప్పావు దగ్గరే ఆగిపోవడం ఈ వయసు బండ్లలో మామూలే. కార్బరేటర్ దగ్గర కేబుల్ బిగించే స్క్రూ వదులు చేసి, ఆ సాగినంత మేర లాగి బిగిస్తే చాలు. నాబ్ లోపలికి నెట్టినప్పుడు రేకు నిలువుగా పూర్తిగా తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి, లేకపోతే పెట్రోలు తాగేస్తుంది.

స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి వదిలేయండి, చోక్ పూర్తిగా లాగండి, పెడల్ మీద కాలు పెట్టకుండా సెల్ఫ్ కొట్టండి. పెడల్ తొక్కి పట్టుకుంటే చోక్ చేసే లాగుడు తగ్గిపోతుంది. అంటుకున్నాక ఒకటి రెండు నిమిషాల్లో చోక్ మెల్లగా లోపలికి నెట్టేయండి.

గంట్యాడ 800 | డిసెంబర్ 31, ఉదయం 6:55

రేకు మీరన్నట్టే ముప్పావు దగ్గర ఆగుతోంది. సర్దాను. తాళం తిప్పీ తిప్పగానే అందుకుంది. కార్బరేటర్‌కి పెట్టాల్సిన డబ్బు మిగిలింది. నాగావళి మాస్టారికీ, అందరికీ దండాలు.

టెక్కలి ఆల్టో | డిసెంబర్ 31, ఉదయం 10:30

నాది 2008 ఆల్టో, ఎంపీఎఫ్‌ఐ. చోక్ ఉండదు కదా, పొద్దున్న మొదటిసారి ఎప్పుడూ అంటుకోదు, రెండోసారికి అంటుకుంటుంది.

చీపురుపల్లి స్పానర్ | డిసెంబర్ 31, ఉదయం 11:00

తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు పంపు 'జుయ్' మనే చప్పుడు ఆగేదాకా ఆగండి. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. అలా చేస్తే మొదటిసారికే అంటుకుంటోందంటే రాత్రి లైనులో ప్రెషర్ దిగిపోతోంది. పంపులోని వాల్వు గానీ, కారుతున్న ఇంజెక్టర్ గానీ కారణం. అలా చేసినా తేడా లేకపోతే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ స్కానర్‌లో చూపించండి. పొద్దున్న చల్లటి ఇంజిన్‌కి అది బయటి గాలి ఉష్ణోగ్రతే చూపించాలి. 60, 70 అని చూపిస్తే కంప్యూటర్ ఇంజిన్ వేడిగా ఉందనుకుని పెట్రోలు తగ్గించేస్తుంది.

సోంపేట డీజిల్ | డిసెంబర్ 31, సాయంత్రం 6:20

రాజాం అన్నా, బల్బు పెట్టి చూశాను. రెండు ప్లగ్గులు వెలగలేదు. మాకు బారువ సముద్రం గాలి కదా, పట్టీ నట్లు కూడా తుప్పు పట్టి ఉన్నాయి. నాలుగూ కొత్తవి తెచ్చాను. రేపు నేనే విప్పుదామనుకుంటున్నాను, జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

రాజాం పంపు రూమ్ | డిసెంబర్ 31, సాయంత్రం 7:05

నాలుగూ తేవడం మంచి పని. ఈ రాత్రే ప్రతి ప్లగ్గు మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. రేపు ఇంజిన్ నడిపి, వేడిగా ఉన్నప్పుడు విప్పండి. స్పానర్ సరిగ్గా సరిపోయేది వాడండి. బలం పెట్టినా కదలకపోతే అక్కడే ఆపి, కాస్త బిగించే వైపు తిప్పి, మళ్లీ వదులు చేసే వైపు తిప్పండి. మొండిగా లాగితే ప్లగ్గు మధ్యలో విరిగి హెడ్ విప్పాల్సి వస్తుంది. వచ్చిన రంధ్రాల్లో మసి గట్టిపడి ఉంటే శుభ్రం చేశాకే కొత్తది పెట్టండి. మసి సిలిండర్‌లోకి పడకుండా పనిముట్టు కొసకి గ్రీజు రాయండి. కొత్త ప్లగ్గుని ముందు వేళ్లతోనే మరల్లోకి ఎక్కించి, చివర్లో మాత్రమే స్పానర్ వేయండి, మరీ గట్టిగా వద్దు. పట్టీ రెండు వైపులా ఎమరీ పేపర్ కొట్టి, నట్లు కొత్తవి వేయండి. మళ్లీ పేషెంట్లని ఎక్కించుకునే రోజుకి ముందే, ఒక పొద్దున్న చల్లగా ఉండగా స్టార్ట్ చేసి చూసుకోండి. అప్పటికీ పొగ ఎక్కువగా వస్తే బండి రాజాం తీసుకురండి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) కొలిచి చూద్దాం.